అవునో కాదో కోర్టులో చెప్పండి

గౌరవనీయులైన కేంద్ర విదేశాంగ మంత్రి గారికి, ఆ శాఖలో నేరస్తుల అప్పగింత ఫైళ్లు చూసే అధికారులకు,



బంగ్లాదేశ్ మాజీ ప్రధాని షేక్ హసీనాను అప్పగించమని ఆ దేశం అడిగిన ఉత్తరం మీకు చేరి పదకొండు నెలలు దాటింది. 2024 డిసెంబరులో మొదటిసారి అడిగారు. 2024 నిరసనల అణచివేత కేసులో 2025 నవంబరు 17న ఢాకాలోని అంతర్జాతీయ నేరాల ట్రిబ్యునల్ ఆమెకు మరణశిక్ష వేసిన తర్వాత మళ్లీ అడిగారు. తీర్పును గమనించామని మీరు ఒక ప్రకటన ఇచ్చారు. ఆ తర్వాత, వినతి పరిశీలనలో ఉందన్నారు. పింఛను కోసమో పట్టా కోసమో ఆఫీసుల చుట్టూ తిరిగిన ప్రతి మనిషికీ ఆ మాట అర్థం తెలుసు. అది నాకు మింగుడుపడలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఢిల్లీకీ ఢాకాకీ మధ్య నడిచే వ్యవహారంలో దిల్‌సుఖ్‌నగర్ మనిషికేం పని అని మీరు అనుకోవచ్చు. పని ఉంది. చెబుతాను.

2013 ఫిబ్రవరి 21, గురువారం. సాయంత్రం ఏడు గంటల ప్రాంతం. ఆఫీసులూ కోచింగ్ సెంటర్లూ వదిలే వేళ. సైకిళ్ల మీద పెట్టిన రెండు బాంబులు వెంటవెంటనే పేలాయి. ఒకటి 107 బస్టాపు దగ్గర, ఒకటి ఏ-వన్ మిర్చి సెంటర్ దగ్గర. 18 మంది పోయారు. 131 మంది గాయపడ్డారు. పోయినవాళ్లలో చదువుకోవడానికి ఊళ్లనుంచి వచ్చి ఇక్కడి హాస్టళ్లలో ఉన్న పిల్లలున్నారు. అంతకుముందు 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో బాంబులు పేలిన రాత్రి ఇక్కడి ఫుట్‌ఓవర్ బ్రిడ్జి దగ్గర దొరికిన బాంబును పేలకముందే తీసేశారు. ఆరేళ్ల ముందు తప్పిపోయిన చావు మళ్లీ వెతుక్కుంటూ వచ్చిందని మా పేటలో పెద్దవాళ్లు అప్పట్లో అనుకునేవాళ్లు.

ఆ ఫిబ్రవరి సాయంత్రం అక్కడే పిల్లల బట్టలు పరుచుకుని అమ్ముకుంటున్న ఒకాయన నాకు తెలుసు. ఎడమ కాలి పిక్కలో దిగిన ఇనుప ముక్కల్లో ఒకటి ఇంకా లోపలే ఉంది. తీస్తే నరం దెబ్బతింటుందన్నారట. చలికాలం వస్తే ఆ జాగా రాయిలా బిగుసుకుంటుంది. అప్పుడు ఆయన మడమ నేలకు ఆనించలేడు, మునివేళ్ల మీద ఒరిగి నడుస్తాడు. ఇప్పుడు మెట్రో స్తంభం పక్కన కూర్చుంటాడు. కాలు చాపుకోవడానికి ఒక చెక్క పెట్టె పెట్టుకున్నాడు. దానిమీద పాత తువ్వాలు మడిచి వేసి ఉంటుంది. గిరాకీ లేనప్పుడు ఆ తువ్వాలును తీసి దులిపి మళ్లీ మడత పెడుతుంటాడు.

మా కేసులో న్యాయం జరగలేదని నేను అనను. 157 మంది సాక్షులను విచారించారు. 2016 డిసెంబరులో చర్లపల్లి జైలులోని ప్రత్యేక కోర్టు యాసిన్ భత్కల్‌తో సహా ఐదుగురికి మరణశిక్ష వేసింది. 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. కానీ నిందితుల జాబితాలో ముందున్న రియాజ్ భత్కల్ ఏ కోర్టుకూ రాలేదు. పాకిస్తాన్‌లో ఉన్నాడని మన దర్యాప్తు సంస్థలే చెబుతున్నాయి. ఆ దేశంతో మనకు అప్పగింత ఒప్పందమే లేదు.

హైకోర్టు తీర్పు వచ్చిన రెండు రోజులకే, ఏప్రిల్ 10న, ముంబయి దాడుల కేసులో తహవ్వుర్ రాణాను అమెరికా నుంచి విమానంలో ఢిల్లీకి తెచ్చారు. ఆ సాయంత్రం బట్టలాయన నన్ను పిలిచి అడిగాడు: "వాన్ని తెచ్చిన్రు గద సార్. మరి రియాజ్‌గాన్ని ఎప్పుడు తెస్తరు?"

మొన్న నవంబరు 17న మళ్లీ అడిగాడు. ఈసారి ప్రశ్న వేరు. ఢాకా తీర్పు వార్త ఫోన్‌లో చూస్తున్నాడు. బిడ్డలను పోగొట్టుకున్న వాళ్లను చూపిస్తున్నారు. "ఆ అమ్మలు గూడ మనలెక్కనే చూస్కుంట కూసున్నరు సార్, పన్నెండేండ్ల సంది మనం జూసినట్టే. మనోళ్లు ఆమెను పంపుతరా, పంపరా?"

నా దగ్గర జవాబు లేదు. జవాబు ఉండాల్సింది మీ దగ్గర. ఉందా?

ఇక్కడినుంచి మెట్రో ఎక్కితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటగానే ఎల్బీనగర్. అక్కడ రంగారెడ్డి జిల్లా కోర్టులున్నాయి. ఏ పనిరోజు ఉదయం వెళ్లినా గేటు బయట టీ బండ్ల దగ్గర ప్లాస్టిక్ సంచుల్లో కాగితాలు పట్టుకుని నిలబడ్డ జనం కనిపిస్తారు. చెక్కు బౌన్స్ కేసు, గట్టు తగాదా, భార్యాభర్తల గొడవ. ఒక్క వాయిదాకు రాకపోతే నాన్‌బెయిలబుల్ వారెంటు పడుతుందన్న భయంతో కూలి మానుకుని, ఇబ్రహీంపట్నం నుంచీ చౌటుప్పల్ వైపు నుంచీ తెల్లారకముందే బస్సెక్కి వస్తారు. పిలుపొస్తే వెళ్లాలి, వెళ్లి జవాబు చెప్పాలి. నేరం చేశాడా లేదా అన్నది తర్వాతి మాట. ఈ నియమం వాళ్లకు ఎవరూ నేర్పలేదు, వాళ్లే పాటిస్తున్నారు. ఒక దేశాన్ని పదిహేనేళ్లు ఏకధాటిగా ఏలిన మనిషికి ఈ నియమం వర్తించదా? వర్తించదని మీరు అనుకుంటుంటే, ఎందుకు వర్తించదో ఆ టీ బండి దగ్గర నిలబడ్డ రైతుకు చెప్పగలరా?

2024 జులై, ఆగస్టు నెలల్లో బంగ్లాదేశ్‌లో హసీనా ప్రభుత్వం సాగించిన నిరసనల అణచివేతలో 1,400 మంది దాకా చనిపోయి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2025 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. ఎక్కువమంది భద్రతా దళాల తూటాలకే పోయారని చెప్పింది. ఆ నివేదిక రాసింది ఆమె రాజకీయ ప్రత్యర్థులు కాదు. ఆగస్టు 5న ఆమె వచ్చి దిగింది మన హిండన్ వైమానిక స్థావరంలో. ఆ రోజునుంచి ఈ ప్రశ్న మన గడప లోపలే ఉంది.

మీకు తెలియని చట్టం చెప్పబోవడం లేదు. మీకు బాగా తెలిసిన చట్టాన్నే గుర్తు చేస్తున్నాను. 1962 నాటి మన అప్పగింత చట్టం 5వ సెక్షన్ ఏం చెబుతోంది? విదేశం నుంచి వినతి వచ్చినప్పుడు కేంద్ర ప్రభుత్వం మేజిస్ట్రేటు విచారణకు ఆదేశించవచ్చు. 7వ సెక్షన్ ప్రకారం ఆ మేజిస్ట్రేటు రెండు పక్షాల సాక్ష్యమూ వింటారు. ఇది రాజకీయ నేరమన్న వాదన కూడా అక్కడే వినవచ్చు. ప్రాథమికంగా కేసు నిలబడకపోతే నిందితులను వదిలేస్తారు. నిలబడితే మీకు నివేదిస్తారు. అప్పుడు కూడా చివరి మాట మీదే. వినతి సదుద్దేశంతో రాలేదనిపిస్తే, పంపడం అన్యాయమనిపిస్తే 29వ సెక్షన్ కింద మీరు కాదనవచ్చు. అంటే చట్టం మీ చేతులు కట్టేయలేదు. వివరంగా విని, కారణం చూపించి కాదనే దారి కూడా ఇచ్చింది. దారి అంత తెరిచి ఉండగా గడపలోనే ఎందుకు ఆగిపోయారు?

ఇంకొక సెక్షన్ గురించి జనంలో ఎవరూ మాట్లాడరు. 34ఏ. పరాయి దేశపు నిందితుడిని అప్పగించడం కుదరదని ప్రభుత్వం అనుకుంటే ఇక్కడే విచారణకు చర్యలు తీసుకోవచ్చని 1993లో చేర్చారు. పంపకపోతే ఇక న్యాయం అనే మాటే ఎత్తక్కర్లేదని మన పార్లమెంటు అనుకోలేదు.

ఇక ఒప్పందం సంగతి. భారత్, బంగ్లాదేశ్‌ల మధ్య అప్పగింత ఒప్పందం మీద ఢాకాలో సంతకాలైన తేదీ 2013 జనవరి 28. సంతకం పెట్టింది అప్పటి హోం మంత్రి సుశీల్ కుమార్ షిండే. సరిగ్గా ఇరవై నాలుగు రోజులకు మా బస్టాపులో బాంబులు పేలాయి. మర్నాడు పొద్దున అదే షిండే గారు ఇక్కడికి వచ్చి, ఇంకా నెత్తురు మరకలు పోని రోడ్డు మీద నిలబడి వెళ్లారు. రాజకీయ నేరమైతే అప్పగించక్కర్లేదని ఆ ఒప్పందం 6వ అధికరణం చెబుతుంది. ఆ వెంటనే ఏవి రాజకీయ నేరాలు కావో కూడా చెబుతుంది. హత్య అందులో ఉంది. ప్రాణాలకు ముప్పు తెచ్చే పేలుడు ఉంది. ఆ జాబితా ఎందుకు పెట్టించాం? మా దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగినలాంటి పని చేసి సరిహద్దు దాటినవాడు రేపు రాజకీయం అని తప్పించుకోకూడదనే కదా? అదే జాబితాలోని హత్య అన్న మాటను ఇప్పుడు మనకు ఇబ్బందిగా ఉందని చదవకుండా దాటేస్తామా?

2015 నవంబరులో ఏం జరిగిందో మీ ఫైళ్లలో ఉంటుంది. బంగ్లాదేశ్ జైలు నుంచి అస్సాం తిరుగుబాటు సంస్థ ఉల్ఫా నాయకుడు అనూప్ చెటియాను మనకు అప్పగించారు. అదే వారంలో నారాయణ్‌గంజ్ ఏడు హత్యల కేసు నిందితుడు నూర్ హుస్సేన్‌ను మనం వాళ్లకు అప్పగించాం. ఇచ్చిపుచ్చుకోవడం అంటే అది. చిన్నవాళ్లను ఇచ్చిపుచ్చుకుని, పెద్దవాళ్ల దగ్గరికి వచ్చేసరికి తలుపు మూసుకుంటే దాన్ని ఒప్పందం అనగలమా?

మీ తరఫున చెప్పగలిగిన మాటలు నాకు తెలుసు. వాటిలో బలమైనవి ఉన్నాయి. దాటవేయను.

ఆమె లేకుండానే విచారణ జరిగింది. వకీలును ప్రభుత్వమే పెట్టింది. తీర్పు రాజకీయ ప్రేరితమని ఆమె అంటున్నారు. ఆ ట్రిబ్యునల్ 1971 నాటి యుద్ధ నేరాల కోసం 2010లో ఆమె ప్రభుత్వమే ఏర్పాటు చేసిందన్నది నిజమే. కానీ అంతమాత్రాన ఆమె అభ్యంతరం చెల్లకుండా పోదు. నిందితురాలు ఎదురుగా లేకుండా వేసిన ఉరిశిక్షను కళ్లు మూసుకుని అమలు చేయించమని నేను అడగడం లేదు. అడిగితే నాకే నిద్ర పట్టదు. మా బాంబుల కేసులో ఉరి ఖాయమైన రోజున పేటలో స్వీట్లు పంచినవాళ్లూ ఉన్నారు, ఇంటి తలుపు వేసుకుని ఏడ్చినవాళ్లూ ఉన్నారు. నేను రెండిళ్లకూ వెళ్లాను. ఉరి గురించి నా మనసు ఇప్పటికీ తేలలేదు.

కానీ ఈ చిక్కుకు దారి మనకు తెలియనిదా? 2005లో ముంబయి పేలుళ్ల కేసు నిందితుడు అబూ సలేంను పోర్చుగల్ నుంచి ఎలా తెచ్చాం? ఉరి వేయం, 25 ఏళ్లు మించి జైల్లో ఉంచం అని మన ప్రభుత్వం రాసిచ్చింది. 2022 జులైలో మన సుప్రీంకోర్టు ఆ మాటకు కేంద్రం కట్టుబడాల్సిందేనని తేల్చింది. విజయ్ మాల్యా కేసులో ముంబయి ఆర్థర్ రోడ్ జైలులోని 12వ నంబరు బ్యారక్‌ను వీడియో తీసి లండన్ న్యాయమూర్తికి చూపించాం. కిటికీ ఎక్కడుంది, వెలుతురు ఎంత వస్తుంది అని పరాయి దేశపు న్యాయమూర్తి అడిగితే మనం నామోషీ పడలేదు. జవాబు చెప్పాం. ఇప్పుడు అడిగే వంతు మనది. ఉరి వేయబోమని రాసిస్తారా? ఆమె ఎదుట, ఆమె ఎంచుకున్న వకీలుతో మళ్లీ విచారిస్తారా? మన పరిశీలకులను అనుమతిస్తారా? ఈ ప్రశ్నలు ఢాకాను అడిగారా? అడిగితే వచ్చిన జవాబు జనం ముందు పెట్టడానికి అడ్డేమిటి?

రెండో మాట ఆశ్రయం. శరణన్నవాళ్లను కాదనకూడదన్నది ఈ నేల మీద పుట్టిన మాట. విభీషణుడి కథ వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు ఉండరు. 1959లో దలైలామాను మనం ఆదరించాం. దానికి నేను గర్వపడతాను. కానీ ఆశ్రయం అనేది పైకి చెప్పి ఇచ్చేది. ఆమెకు ఆశ్రయం ఇచ్చారా? ఇస్తే, ఈ కారణంతో ఇచ్చామని పార్లమెంటులో చెప్పండి. మేం ఒప్పుకుంటామో లేదో తర్వాత సంగతి, కనీసం తెలుసుకుంటాం. ఆశ్రయమూ కాక, అప్పగింతా కాక ఒక మనిషిని ఊరకే ఉంచుకోవడాన్ని ఏమంటారు?

మూడోది, ఆమె మనకు మిత్రురాలన్న మాట. ఈశాన్యంలో తిరుగుబాటుదారుల శిబిరాలు మూతపడటంలో ఆమె ప్రభుత్వం చేసిన సాయం చిన్నది కాదు. ఆ రుణం మరిచిపోమని చెప్పను. కానీ ఆమె సొంత జీవితంలోనే ఈ ప్రశ్నకు జవాబు ఉంది. 1975 ఆగస్టు 15న ఆమె తండ్రి షేక్ ముజిబుర్ రహ్మాన్‌నూ, ఇంట్లోవాళ్లనూ చంపేశారు. విదేశంలో ఉండటంవల్ల ఆమె, చెల్లెలు మిగిలారు. అప్పుడు ఆమెకు చోటిచ్చింది మన ఢిల్లీయే. ఆ హంతకుల్లో ఒకరు కెనడాలో, ఒకరు అమెరికాలో ఉన్నారు. ప్రధానిగా ఆమె ఏళ్ల తరబడి ఆ దేశాలను అడిగింది: మా నాన్నను చంపినవాళ్లను అప్పగించండి. ఉరి వేస్తారని కెనడా పంపలేదు. ఆ బాధ ఏమిటో ఆమెకు తెలుసు. హంతకులకు నీడనిస్తున్నారని ఆమె ఆ దేశాలను నిలదీసినప్పుడు న్యాయమే అడుగుతోందని మనమూ అనుకున్నాం. 2024 జులైలో కొడుకును పోగొట్టుకున్న తల్లి అదే అడిగితే, ఇప్పుడు అది రాజకీయం ఎలా అయింది?

మాజీ ఏలికలను అప్పగిస్తే దేశాల మధ్య మర్యాద చెడుతుందని భయపడేవాళ్లు చిలీ వైపు చూడాలి. పెరూ మాజీ అధ్యక్షుడు ఫుజిమోరి 2005లో అక్కడికి చేరాడు. పెరూ అడిగింది. చిలీలో మొదట ఒక న్యాయమూర్తి పంపనక్కర్లేదన్నారు. 2007 సెప్టెంబరులో ఆ దేశ సుప్రీంకోర్టు ఆ మాటను కొట్టేసి పంపమంది. పెరూ కోర్టులో అతని ఎదుటే నెలల తరబడి విచారణ సాగింది, 2009లో 25 ఏళ్ల శిక్ష పడింది. రెండు పొరుగు దేశాల మధ్య యుద్ధమేమీ రాలేదు. చిలీ మాజీ నియంత పినోషే సంగతి తెలిసిందే. 1998 అక్టోబరులో లండన్‌లో పట్టుకున్నారు, మాజీ దేశాధినేత అన్న గొడుగు చిత్రహింసల నేరానికి పనికిరాదని బ్రిటన్ ప్రభువుల సభ తేల్చింది. చివరికి ఆరోగ్యం బాగాలేదని ఇంటికి పంపేశారు, అది వేరే కథ. అయినా ఆ వాదనలన్నీ లోకం ముందే జరిగాయి. ఇంకో దారి కూడా ఉంది, ట్యునీషియా మాజీ అధ్యక్షుడు బెన్ అలీ దారి. 2011లో పారిపోయి సౌదీ చేరాడు. ట్యునీషియా కోర్టులు శిక్షలు వేశాయి, సౌదీ పంపలేదు. 2019లో అక్కడే కన్నుమూశాడు. మనం చిలీ పక్కన నిలబడతామా, సౌదీ పక్కనా?

మన తెలుగు నేల మీదే ఒక సంగతి ఉంది. ఇష్టంగా ఎత్తడం లేదు, ఎత్తకపోతే నేను సగమే మాట్లాడినట్టు. 2014 ఏప్రిల్ 2న అమెరికాలోని షికాగోలో ఒక అభియోగపత్రం బయటపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో టైటానియం ఖనిజం తవ్వకాల అనుమతుల కోసం కోటీ 85 లక్షల డాలర్ల లంచాలు నడిచాయన్నది ఆరోపణ. ఉక్రెయిన్ వ్యాపారి ఫిర్తాష్‌తో సహా ఆరుగురి పేర్లున్నాయి. అందులో ఒకరు అప్పటి మన రాజ్యసభ సభ్యుడు కె.వి.పి. రామచంద్రరావు. ఆయన ఆరోపణలను ఖండించారు. అవి రుజువు కాలేదు, నేను రుజువైనట్టు మాట్లాడను. నా ప్రశ్న వేరు. వియన్నాలో పట్టుబడ్డ ఫిర్తాష్‌ను పంపాలా వద్దా అన్నది ఆస్ట్రియా కోర్టుల్లో బహిరంగంగా నలిగింది. 2015లో కింది కోర్టు వద్దంది, 2017లో పై కోర్టు పంపొచ్చంది, 2019లో సుప్రీంకోర్టు పంపొచ్చన్న మాటే నిలబెట్టింది. ఎవరు ఏ కారణం చెప్పారో ఊరంతా చదివింది. అదే అభియోగపత్రంలో ఉన్న మన మనిషి విషయంలో మన ప్రభుత్వం ఏం తేల్చిందో దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో పదిమందిని ఆపి అడిగితే ఒక్కరైనా చెప్పగలరా? ఆరోపణ అబద్ధమైతే ఆ మచ్చ కోర్టులో కడుక్కునే వీలు ఆయనకు కూడా ఉండాలి కదా? మీ మౌనం బాధితుడికే కాదు, నిందితుడికి కూడా ద్రోహమే.

ఇవ్వకపోతే ఎలా ఉంటుందో మనకు భోపాల్ గ్యాస్ దుర్ఘటన నేర్పింది. యూనియన్ కార్బైడ్ అధిపతి వారెన్ ఆండర్సన్‌ను 1984 డిసెంబరు 7న పట్టుకుని ఆ రోజే వదిలేశాం. తర్వాత అమెరికాను అప్పగించమని అడిగాం. వాళ్లు ఇవ్వలేదు. 2014లో ఆయన అమెరికాలోనే చనిపోయాడు. అప్పుడు మనం తిట్టుకున్న తిట్లు గుర్తున్నాయా? రాణా అమెరికాలో కింది కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా పోరాడాడు. అతని అభ్యంతరాలన్నీ విన్నారు. విని పంపారు. ఆ ఏప్రిల్‌లో మీరే ఎంతో సంతోషంగా ప్రకటన చేశారు. మేమూ సంతోషించాం. లోకమంతా మనకు అలా చేయాలని కోరుకునే హక్కు, మనం అలా చేసినప్పుడే కదా వచ్చేది? రేపు రియాజ్ భత్కల్ ఏదో మూడో దేశంలో దొరికితే, ఆ దేశపు అధికారి మన ఫైలు మీద 'పరిశీలనలో ఉంది' అని రాసి పక్కన పెడితే, మీరు ఏ మొహంతో అడుగుతారు?

నేను అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. ఆమెను రేపే విమానమెక్కించమనడం లేదు. 5వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు విచారణకు ఆదేశించండి. ఆమె తరఫు వకీళ్లు ఎంత గట్టిగా వాదించగలరో వాదించనివ్వండి. ఢాకా తన సాక్ష్యం పట్టుకొచ్చి మన న్యాయమూర్తి ముందు పెట్టనివ్వండి. అందులో పస లేకపోతే మన కోర్టే ఆ మాట చెబుతుంది. ఉంటే, హామీలు రాయించుకోండి. హామీలు ఇవ్వబోమంటే, ఇవ్వనందుకే పంపడం లేదని ఆ తల్లులకు అర్థమయ్యే భాషలో రాయండి. వంగభాషలో కూడా రాయండి. ఏది చేసినా తేదీ వేసి, సంతకం పెట్టి చేయండి.

ఫిబ్రవరి 21 ఇంకెంతో దూరం లేదు. ప్రతి ఏడూ ఆ సాయంత్రం ఏడింటికి బట్టలాయన బండి మీద దీపం ఆర్పేసి, చెక్క పెట్టె మీదినుంచి కాలు దించి, పక్కనున్న స్తంభం పట్టుకుని లేచి నిలబడతాడు. 107 ఎక్కేవాళ్లు ఆయన్ను దాటుకుని పోతుంటారు. ఈసారి కూడా నేను అక్కడ ఉంటాను. ఆయన నన్ను రెండు ప్రశ్నలూ అడుగుతాడు. మొదటిదానికి జవాబు మన చేతుల్లో లేదు, పాకిస్తాన్ చేతుల్లో ఉంది. రెండోది మీ చేతుల్లోనే ఉంది. ఆయనకు ఏం చెప్పమంటారు?

ఇట్లు,
దిల్‌సుఖ్‌నగర్ నివాసి ఒకరు
2025 నవంబరు 30